చెరువు కట్ట మీద నా పొడుగు విజిల్

మొన్నటి ఆదివారం నుంచి మా ఊళ్లో తల దించుకొనే నడుస్తున్నాను. ఎందుకో చెప్తాను గాని, మధ్యలో నవ్వకండి. ఇరవై రెండేళ్ల సర్వీసులో పిల్లలకు ఒకే ఒక్క పాఠం పక్కాగా నేర్పాను. ఆ పాఠమే నా పరువు తీసింది.

మాది చింతమడక దగ్గర చిన్న ఊరు. బడి గేటు దాటితే రోడ్డే. కోతలప్పుడు ట్రాక్టర్లు ఎడతెగకుండా తిరుగుతాయి. అందుకని కొత్తలోనే ఒక రూలు పెట్టాను. పొడుగు విజిల్ వినబడితే ఎవరు ఎక్కడున్నా అక్కడే ఆగాలి, ఎత్తిన కాలు కూడా దించొద్దు. రెండు చిన్న విజిళ్లు ఊదితేనే మళ్లీ కదలాలి. ఊరికే చెప్తే పిల్లలు వింటారా? ఒక కథ కట్టాను. తల్లి కూత విని ఆగిన జింకపిల్ల బతికింది, ఆగకుండా ఉరికిన కుందేలు ఉచ్చులో పడ్డది. బడి తెరిచిన ప్రతి జూన్‌లో అదే కథ. నా పిల్లలందరిలో చక్కగా ఆగే జింకపిల్ల స్వరూప.

ఆ స్వరూపకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఊళ్లోనే ఇచ్చారు. పగలంతా బీడీలు చుడుతుంది, ఏడాది నుంచి పొద్దున్నే కాలువ గట్టు మీద ఉరుకుతోంది. సిద్దిపేటలో ఆడవాళ్ల మారథాన్ అనగానే పేరిచ్చింది. పేరుకే మారథాన్, దూరం పది కిలోమీటర్లు. అత్త లచ్చవ్వకు మాత్రం ఈ ఉరుకుడు గిట్టదు. ఎవలో ఎంటవడ్డట్టు పొద్దుగాల గా ఉరుకుడేందని రోజూ సణుగుడే. స్వరూప మా ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే నేనే మధ్యలో పడ్డాను. లచ్చవ్వ చివరికి ఒక షరతు మీద మెత్తబడింది. మొదటి ముగ్గురిలో వస్తే ఇక అడ్డం చెప్పదు, రాకపోతే బూట్లు అటకెక్కాలి. "నాది పూచీ, లచ్చవ్వా" అన్నాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆదివారం లచ్చవ్వనూ వెంటబెట్టుకొని ఆటోలో వెళ్లాను. పరుగు ముగిసే గీత ఇంకా వంద అడుగులుందనగా చెరువు కట్ట మీద నిలబడ్డాం. జనం చప్పట్లు కొడుతున్నారు, ఒకామె ఇంటినుంచి తెచ్చిన పళ్లెం మోగిస్తోంది. నా గొంతు చాక్‌పీసు పొడికి ఎప్పుడో పోయింది, అరిస్తే పక్కవాళ్లకే వినబడదు. అందుకే మెడలో బడి విజిల్ వేసుకొచ్చాను. ఎంత తెలివో చూడండి.

ముందు ఇద్దరు వెళ్లిపోయారు. మూడో మనిషి నీలం టీషర్టు. స్వరూప! వెనకాల పది అడుగుల్లో పసుపు టీషర్టు పిల్ల తరుముకొస్తోంది. నాకేం పట్టదన్నట్టు కూర్చున్న లచ్చవ్వ, నా భుజం పట్టుకొని లేచి, కాలి వేళ్ల మీద నిలబడింది. నాకు సంతోషం ఆగలేదు. గుండెల నిండా గాలి పీల్చి, పొడుగ్గా ఊదాను.

స్వరూప ఆగింది.

కుడికాలు అట్లనే గాల్లో ఉంది. ఆమె వెనక ఎక్కడో మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా టక్కున ఆగిపోయారు. తర్వాత తెలిసింది, వాళ్లదీ మా బడే.

ఉరుకమని అరిచాను. ఆ చప్పట్లలో నా అరుపు కలిసిపోయింది. స్వరూప కళ్లు పెద్దవి చేసి నా వైపే చూస్తోంది. ఏం కావాలో అప్పుడు వెలిగింది నాకు. రెండు చిన్న విజిళ్లు. గబగబా విజిల్ నోట్లో పెట్టుకున్నాను. నోరెండిపోయింది, ఉత్త గాలి తప్ప చప్పుడు రాలేదు. పసుపు టీషర్టు ఆమె పక్కనుంచి సర్రున పోయింది. నా విజిల్ రెండుసార్లు కూసేసరికి ఆ పిల్ల గీత దాకా చేరింది.

స్వరూపది నాలుగో స్థానం.

వెళ్లి చూస్తే గడ్డిలో కూర్చొని బూట్ల తాళ్లు విప్పుతోంది. ప్రతిదానికీ కథ చెప్పే నాకు ఒక్క కథా అందలేదు. ఆమే తలెత్తి అంది:

"మీది తప్పు గాదు సార్. నా కాళ్లు నా మాట ఇనలే, మీ మాటనే ఇన్నయ్."

తిట్టినా బాగుండేది.

ఇంతలో లచ్చవ్వ వచ్చి నా ముందు నిలబడింది. "సారూ, సక్కగ చెప్పు. నా కోడలు ఓడిందా, నువ్వు ఓడగొట్టినవా?"

చేతులు వాటంతటవే కట్టుకున్నాయి. "నేనే ఓడగొట్టిన, లచ్చవ్వా."

"మరి గా షరతు ఎట్ల చెల్లుతది? నా కోడలు మళ్ల ఉరుకుతది, మళ్ల సూస్త." కోడలి వైపు తిరిగి బూట్ల తాళ్లు కట్టుకొమ్మంది. తర్వాత నా వైపు చెయ్యి చాపింది. "గా విజిల్ ఇటియ్యి. నీ పూచీ సూసిన గని."

క్లాసులో పిల్లల గోలీలు నేను గుంజుకున్నట్టే, నా మెడలోంచి తీసుకొని కొంగుకు కట్టుకుంది. తిరుగు ఆటోలో ముగ్గురం పక్కపక్కనే కూర్చున్నాం. డ్రైవర్ ఎవరు గెలిచారని అడిగితే నేను కిటికీలేని ఆటోలోంచి బయటికి చూశాను.

ఇప్పుడు బడిలో చప్పట్లు కొట్టి పిల్లల్ని ఆపుతున్నాను. ఒక్కడూ ఆగడం లేదు. పొద్దున మాత్రం ఊరంతా విజిల్ మోగుతోంది. లచ్చవ్వ ఇంటి గల్మలో, గడప దగ్గరే నిలబడి ఊది కోడల్ని ఉరికిస్తోంది. పొడుగుదేదో పొట్టిదేదో ఆమెకు పట్టింపు లేదు. స్వరూప కూడా ఆ చప్పుడుకు ఆగకుండా ఉరకడం నేర్చుకుంది.

నిన్న పాలకు పోతున్నాను. లచ్చవ్వ పొడుగ్గా ఊదింది. స్వరూప నా పక్కనుంచే రయ్యిన ఉరికిపోయింది. దారిలో ఆగింది నేనొక్కణ్ణే. ఎడమకాలు గాల్లో, పాలగిన్నె చేతిలో, రెండు చిన్న విజిళ్ల కోసం చూస్తూ.