కొళాయి గట్టు మీద ఒంటి చేప

నా చిన్నప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన లెక్క ఆడవాళ్ళ నెలల లెక్క. బడికి సరిగ్గా పోయిందాన్ని కాదు. బెంగళూరు పాతపేటలో ఒకే వాకిలికి ఎనిమిది ఇళ్ళున్న వఠారం మాది. అందరికీ కొళాయి ఒక్కటే. పొద్దున్నే బిందెలు వరుసలో పెట్టి, ఆడవాళ్ళు వేళ్ళు మడుస్తూ ఎవరికి ఎన్నో నెలో తేల్చేవాళ్ళు. నేను వాళ్ళ కాళ్ళ దగ్గర కూర్చుని నా వేళ్ళూ మడిచేదాన్ని.

పక్కింటి అక్క మొగుడు శ్రావణంలో దేవనహళ్ళి పక్కకు గోడలు కట్టే పనికి పోయాడు. కార్తీకం దాటగానే ఆ గోడే మీద పడి చచ్చిపోయాడు. ఫాల్గుణానికి అక్క కడుపు బయటపడింది. నాలుగో నెల. కొళాయి దగ్గర వేళ్ళన్నీ మడుచుకున్నాయి. ఆయన ఇంటి మొహం చూసి ఏడు నెలలు కదా! కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడి శనక్కాయల పరిష తిరునాళ్ళకు మేమందరం పోయినప్పుడు ఆయన వచ్చాడనీ, మధ్యాహ్నం అన్నం తిని పొద్దు వాలకముందే వెళ్ళాడనీ అక్క చెప్పింది. చూసినవాళ్ళెవరూ లేరు. ఎవరూ నమ్మలేదు.

ఇంటి ఓనరమ్మ అయితే తెగేసి చెప్పింది. "ఈ పురుడు నా వఠారంలో పొయ్యేదానికి లేదు. వైశాఖం లోపల ఇల్లు ఖాళీ చెయ్యల్ల." అక్కకు పుట్టింటివాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. ఆ కడుపుతో ఎక్కడికి పోతుంది?

అక్కడికి ఆగినా బాగుండేది. నేను పోయి అక్క మొహం మీదే అడిగేశాను. "అక్కా, నీ కడుపులో పాపకి నాయన ఎవురంట?" అక్క తిట్టలేదు. నా తలకు నూనె రాస్తున్న చెయ్యి మాత్రం తీసేసింది. మర్నాటి నుంచి అందరూ నీళ్ళు పట్టుకుపోయాక, కొళాయి ధార సన్నబడ్డాక బిందెతో వచ్చేది.

మా తాతయ్య మగ్గం నేసి నేసి మోకాళ్ళు అరిగిపోయిన మనిషి. దోమపురుగుల్ని తింటాయని మా నీళ్ళ తొట్టిలో గప్పీ చేపల్ని పెంచేవాడు. మగవి చిన్నవి, తోకలు పట్టుచీర అంచుల్లా రంగురంగులుగా ఉంటాయి. ఆడవి లావు, ముతక నూలు రంగు. నేను అక్కను అడిగిన మాట ఆయన చెవిన పడింది. నన్ను కొట్టలేదు. తొట్టిలోంచి ఒక్క ఆడచేపను పట్టించి, పెద్ద గాజు సీసాలో వేసి, గుప్పెడు నాచు పెట్టి, నా చేతే కొళాయి గట్టు మీద పెట్టించాడు.

"ఏంది తాతా ఇది, దిష్టికా?" అని ఆడవాళ్ళు నవ్వారు.

"చూస్తా ఉండండమ్మా, అంతే."

మూడు వారాలకు దాని పొట్ట వెనక నల్లమచ్చ ముదిరింది. ఒక పొద్దున చూస్తే నాచు నిండా చిన్న చిన్న కళ్ళు. ఇరవైకి పైనే పిల్లలు. గుడ్లు పెట్టలేదు, ఈదే పిల్లల్నే కన్నది. వఠారమంతా మూగింది. ఓనరమ్మ మాత్రం పెదవి విరిచింది. "దీంట్లో ఏముండాది? తొట్టిలోనే కడుపయ్యింటాది." నిజమేనని తాతయ్య ఒప్పుకున్నాడు. తల్లే తినేస్తుందని పిల్లల్ని గిన్నెలోకి తీయించి, చేపను మళ్ళీ ఒంటరిగా అక్కడే ఉంచాడు.

ఇక ఓనరమ్మ కాపలాకు దిగింది. నేను మేత వేయబోతే "ఏయ్, ఏమేస్తాండావే దాంట్లో?" అని కసిరేది. నెల తిరిగింది. చేప మళ్ళీ కన్నది.

ఆ పొద్దున బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కొళాయి కట్టే దిక్కు లేదు. తాతయ్య గోడ పట్టుకుని వచ్చాడు.

"ఏమ్మా, నెలంతా కాపలా ఉంటివే. మగది వచ్చిందా?"

"లేదప్పా."

"అయితే ఈ పిల్లలకి నాయన లేడంటావా?"

ఒక్కసారి జత కడితే ఆ బీజాన్ని ఆడచేప కడుపులో నెలల తరబడి దాచుకుంటుందనీ, మగది చచ్చిపోయినా దాంతోనే మళ్ళీ కంటుందనీ తాతయ్య చెప్పాడు. "మనిషి చేప కాదులేమ్మా. మనం చూడలేదు కాబట్టి జరగలేదంటామే, దానికి చెప్తా ఉండా."

అందరూ పోయి ఉంటారనుకుని సరిగ్గా అప్పుడే అక్క బిందెతో వచ్చింది. జనాన్ని చూసి వెనక్కి తిరిగింది.

"యాడికి పోతావే?" ఓనరమ్మ గొంతు గట్టిగానే ఉంది. "కడుపుతో ఉండేదానివి, వరుస కాచుకుంటావా? బిందె ఇట్ల తే." తన బిందె పక్కకు జరిపి అక్కది పెట్టింది.

శ్రావణంలో పురుడు ఆ వఠారంలోనే జరిగింది. నీళ్ళు కాచింది ఓనరమ్మే. అక్క ముందుకు పోవడానికి నాకే మొహం చెల్లలేదు. బిడ్డ పుట్టిన చాలా రోజులకు అక్కే నూనె గిన్నె పట్టుకుని, "రావే, తల చూడు ఎట్లుండాదో" అని పిలిచింది.

ఇప్పుడు, మా ఆయన పోయాక, బెంగళూరులోనే కుందలహళ్ళిలో కూతురి దగ్గర ఉంటున్నాను. చదువు రాదు కాబట్టి పాల ప్యాకెట్లయినా, మందుబిళ్ళలయినా, బస్సు దిగాల్సిన స్టాపులయినా అన్నీ నాకు వేళ్ళ మీదే. సాయంత్రం వీధిలో బెంచీ మీద తోటి ఆడవాళ్ళతో కూర్చున్నప్పుడు కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా అటు పోతే, పెళ్ళెప్పుడయింది, ఇది ఎన్నో నెల అని పక్కన వేళ్ళు మడుచుకుంటాయి. పాత అలవాటు, నా వేళ్ళూ కదులుతాయి. అప్పుడు కొంగు తీసుకుని పిడికిట్లో బిగించి పట్టుకుంటాను. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా వదలను.