బండల లారీ మీద నా మోటారు సైకిలు సవారీ

పోయిన నెలలో నేను బేతంచెర్ల నుంచి బనగానపల్లె దాకా మోటారు సైకిలు మీద పోయినాను. నవ్వొద్దు, ముందు టీ తాగండి. బనగానపల్లెలో ఉండే మా మరదలు లచ్చుమి కళ్లారా చూసింది కూడా. దారి పొడుగునా కాలు కింద పెట్టలేదు, చుక్క పెట్రోలు పోయలేదు. ఇంత గొప్ప సవారీ చేసినవాడు తలకాయ దించుకొని కూర్చున్నాడేమని అడుగుతారు కదా, చెప్తా.

నేను గుమాస్తాగా ఉన్న బండల డిపో యజమాని రెడ్డిగారి బండి మీకు తెలిసిందే. యుద్ధానికి ముందర ఎవరో దొర తెప్పించుకొని, దేశం విడిచి పోతూ పోతూ ఈయనకు అమ్మిపోయినాడు. దాని అందం నన్నడగండి! పెట్రోలు ట్యాంకు అచ్చం పండబోయే బనగానపల్లె మామిడికాయే, ముందర బొద్దుగా, వెనక్కి వచ్చేకొద్దీ సన్నగా. నల్లటి రంగు మీద బంగారు గీత, పట్టుచీర అంచులో జరీ పోగు మాదిరి. ఎవడో చేత్తో గీసినాడు. ఒక్కచోట కుంచె రవ్వంత వణికింది. ఆ వణుకు మీద వేలు పెడితే, సముద్రాల అవతల కుంచె పట్టుకున్న మనిషి ఊపిరి తగిలినట్టుంటుంది. హ్యాండిలు కోడెగిత్త కొమ్ములు. ముందరి దీపం పళ్లెమంత. అందులో చూసుకుంటే నేను కూడా రాజా మాదిరే ఉంటాను, ముక్కు కొంచెం పెద్దదైనా.

"ఇప్పటి బండ్లు ఉరికేదానికి చేస్తాండారప్పా. ఇది చూసేదానికి చేసినారు" అంటాడు మా లారీ డ్రైవరు ఖాసీమన్న.

చూడటమే నా పని. నడిపింది ఎన్నడూ లేదు. కానీ దినమూ నేనే నడుపుతాండానని ఉగాది పండక్కి లచ్చుమి ముందర కోతలు కోసినాను.

"అట్లనా? అయితే మా వాకిట్లో నుంచి పోయి చూపించు బావా. ఎదురొచ్చి హారతిస్తా. లేదంటే నన్ను చేసుకుంటానని మా నాయన దగ్గరికి రావద్దు" అంది.

ఆ దినం నుంచి నా గుండె మీద ఒక బండ.

ఇంతలో బండిని రిపేరికి నంద్యాల పంపించాల్సి వచ్చింది, మా బండల లారీలోనే. కింద బండలు పరిచి, వాటి మీద బండిని నిలబెట్టి మోకులతో కట్టినారు. ట్యాంకు కింద, చక్రాల నడుమ గోనెపట్టా చుట్టినారు. దుమ్ము పడకుండా కాబోలు అనుకున్నాను.

లోడయినాక గుమాస్తా పైకెక్కి కట్లు చూడాలి. అన్నీ సరిగా ఉంటే దిగి వచ్చి బండ మీద రెండు దెబ్బలు కొడతాడు. టక్, టక్. అంటే డ్రైవరుకు 'ఇక పో' అని. లారీ మోతలో మనిషి గొంతు ఎవరికి వినపడుతుంది!

కట్లు బాగున్నాయి. మధ్యాహ్నపు ఎండ ట్యాంకు మీద తేనె మాదిరి జారుతోంది. ఒక్క నిమిషం కూర్చుంటే ఏం పోయిందిలే అని సీటెక్కినాను. స్ప్రింగులు మెత్తగా మూలిగినాయి. కళ్లు మూసుకున్నాను. లచ్చుమి వాకిలి కనిపించింది, కర్పూరం వాసన కూడా వచ్చింది. కిక్కు కోసం కాలితో వెతికితే తగల్లేదు. గోనెపట్టా కింద ఉంటాదిలే అని ఉత్త గాల్లోనే రెండుసార్లు తన్నినాను. నా మేకుల చెప్పు కింది బండకు తగిలింది. టక్. టక్.

బండి కదిలింది! గాలి మొహానికి కొట్టింది, జుట్టు ఎగిరింది. అబ్బ, నా ఊహకు ఎంత బలముందిరా! గతుకులు కూడా తెలుస్తాండాయి! అని మురిసిపోతూ కళ్లు తెరిస్తే డిపో లేదు. ఎర్రనేల, జిల్లేడు పొదలు, నాపరాళ్ల గోడలు వెనక్కి వెనక్కి పోతున్నాయి.

"ఖాసీమన్నా! ఓ ఖాసీమన్నా!"

రెండు కేకలు వేసినాను. మూడోది వేయబుద్ధి కాలేదు. అంత ఎత్తున కొమ్ములు పట్టుకొని కూర్చుంటే, దీపం గుండ్రంలో ఆకాశమంతా ఒదిగి నా ముందర పోతాంటే, ఎవడు ఆపమంటాడు? చేలల్లో కూలివాళ్లు కళ్లకు చేతులడ్డం పెట్టుకొని చూసినారు. ఒక ముసలవ్వ ఏ దేవుని ఊరేగింపో అనుకొని దండం పెట్టింది. నేను చెయ్యెత్తి దీవించినాను కూడా.

మామిడి తోటలు కనపడంగానే మత్తు దిగింది. లారీ నంద్యాలకు పోయేది లచ్చుమి వాకిలి ముందర నుంచే! దాక్కుందామంటే పైన నేనూ బండీ తప్ప ఏమీ లేదు. సర్రున దాటిపోతుందిలే అనుకున్నాను. సరిగ్గా వాళ్లింటి ముందర లారీ రేడియేటరు బుస్సుమనింది.

"పాపా, బిందెడు నీళ్లు తేమ్మా!" ఖాసీమన్న దిగి కేకేసినాడు.

లచ్చుమి బిందెతో వచ్చింది. తలెత్తింది.

"బావా! ఆడ పైన ఏం చేస్తాండావు?"

నేను కొమ్ములు వదల్లేదు. "కనపడలేదా? బండి మీద వస్తాండా. ఎంజను వేడెక్కింది, అందుకే ఆపినా" అన్నాను.

"యా అల్లా! నువ్వెప్పుడెక్కితివి గుమాస్తప్పా?" అన్నాడు ఖాసీమన్న.

లచ్చుమి బిందె ఆయన చేతికిచ్చి, లారీ అవతలి పక్కకు పోయి, చక్రం మీద కాలేసి ఎక్కింది. గోనెపట్టా లేపి వంగి చూసింది.

"బావా, ఈడ్నించి మా అమ్మ కనపడతాంది."

నేనూ వంగినాను. నిజమే. ఇవతలి వాకిట్లో అత్త, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. నడుమ ఎంజను లేదు.

"దాన్ని పెట్టెలో పెట్టి పోయిన వారమే నంద్యాలకు పంపిస్తిమి కదప్పా. చిట్టీ రాసింది నువ్వే!" అన్నాడు ఖాసీమన్న, నీళ్లు పోస్తూ.

వెంట్రుకంత గీతలో వణుకు పట్టుకున్న నా కళ్లకు, పొట్టేలంత ఎంజను పోయింది కనపడలేదు!

హారతి మాత్రం ఇచ్చింది. మాట తప్పే పిల్ల కాదు. పళ్లెంలో కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పింది. ఖాసీమన్నకు.

"బండిని మా వాకిట్లోకి తెచ్చింది ఆయన కదా!"

"మరి నేను మీ నాయన దగ్గరికి రావచ్చునా?" సన్నగా అడిగినాను.

ఆ పిల్ల ట్యాంకు మీద బంగారు గీత వెంట వేలు పోనిచ్చింది. సరిగ్గా ఆ వణుకు దగ్గర ఆగింది. "శానా బాగుండాది బావా" అంది మెల్లగా. నా ప్రాణం లేచొచ్చింది.

"ఎంజను వచ్చినాక రా."

అందుకే దినం విడిచి దినం నంద్యాల షెడ్డుకు కార్డు రాస్తున్నాను, ఎంజను రిపేరి ఎంతవరకు వచ్చిందని. 'నా బండంటే మా గుమాస్తాకు ఎంత శ్రద్ధో!' అని రెడ్డిగారు ఊరంతా చెప్పుకొని మురిసిపోతున్నారు.