అమ్మకు హుషారు మాత్రలు

నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తమ్ముడు జ్వరంతో పోయాడు. వాడికి ఐదు నెలలు. ఆ తరువాత అమ్మ రుబ్బురోలు పక్కన గోడకానుకుని కూర్చుండిపోయింది. ఏడవలేదు, మాట్లాడలేదు. పెనుకొండ పోస్టాఫీసులో గుమాస్తాగా ఉన్న నాయనే రెండు నెలలు వంట చేసి, నాకు వంకరటింకరగా జడ వేసి బడికి పంపాడు.

చివరికి ఆమెను రైల్లో హిందూపురం తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. ఆయన చిన్న తెల్ల మాత్రలిచ్చాడట. కొత్తగా వచ్చిన మందు, మనిషికి హుషారొస్తుంది అన్నాడట.

నిజంగానే వచ్చింది. వారం తిరక్కుండా అమ్మ లేచి ఇల్లంతా ఎర్రమన్నుతో అలికింది. ధర్మవరంలో తన చిన్నతనం గురించి, తాత మగ్గం గురించి ఆగకుండా చెప్పేది. నా అదృష్టానికి నేను పొంగిపోయాను. రోజుకొకటి వేసుకోమన్న మాత్ర రెండైందని, మూడైందని మాకెవరికీ తెలియలేదు.

రాత్రులు కన్ను మూసేది కాదు. అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టేది కాదు. దవడలు బిగబట్టి పళ్లు కొరికేది. ఒకరోజు ఆమె ఒళ్లో పడుకుని ఛాతీ మీదికి తల జరిపితే, చెవి కింద గుండె దడదడా కొట్టుకుంటోంది. ఒంటి మీద చేయి వేస్తే చెమట.

పక్కింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆమె అమ్మకు ప్రాణస్నేహితురాలు. ఒక ఉదయం అమ్మ రెండిళ్ల మధ్య గోడ దగ్గర నిలబడి ఆమె మీద కేకలు వేసింది. "బిడ్డను నేనే సంపుకున్నానని ఊరంతా చెప్తాండావంటనే! నాకు వినపడతాండాది!"

పక్కింటామె చేతిలో పని వదిలేసింది. నేరుగా మా నాయన దగ్గరికొచ్చింది. "అన్నా, అక్క మాట కాదిది. ఏం మందు ఇస్తాండావు ఈమెకు?"

నాయన సీసా తీసి చూస్తే, నెలకని ఇచ్చిన మాత్రల్లో అప్పుడే అడుగున నాలుగే మిగిలున్నాయి. హిందూపురానికి పరుగెత్తాడు. ఆ మందు ఆపేయమని డాక్టరే చెప్పాడు. ధర్మవరం నుంచి అమ్మవాళ్లమ్మ, మా అవ్వ వచ్చింది.

అమ్మ రెండు రోజులు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. లేచాక ముందుకన్నా దిగులుగా ఉంది. నా చేయి పట్టుకుని, "ఒక్కటి తెచ్చీమ్మా, ఒక్కటే" అని బతిమాలింది. నాకూ ఆ కబుర్లు చెప్పే అమ్మే కావాలనిపించింది. స్టూలెక్కి, నాయన అటక మీద దాచిన సీసా అందుకుంటుంటే అవ్వ చూసింది. నన్ను కొట్టలేదు. కిందికి దించి కూర్చోబెట్టుకుంది.

"మీయమ్మ ఆ బిడ్డ కోసం ఇంకా ఏడ్సనే లేదు పాపా. ఏడ్సనీ. మనం ఈడనే ఉందాం."

ఆ మాత్రలు పెరట్లో గుంట తీసి పూడ్చింది. సాయంత్రం అమ్మ అవ్వ ఒళ్లో పడి, తమ్ముడి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అంత ఏడుపు నేనెన్నడూ వినలేదు. భయమేసి నేనూ పోయి వాళ్లిద్దరి మధ్య దూరాను.

ఇప్పుడు పేపర్లో సింథటిక్ క్యాథినోన్లనే, హుషారెక్కించే కొత్త మత్తుమందుల గురించి రాస్తున్నారు. నిద్ర, ఆకలి చచ్చిపోవడం, గుండె దడ, లేని మాటలు వినబడటం, మానేస్తే కుంగిపోవడం. మా అమ్మ మింగినవి అవే అనను. ఆ మాత్ర పేరే నాకు తెలియదు. కానీ ఆ లక్షణాలు చదువుతుంటే మా ఇల్లే కనబడుతుంది.

అమ్మ కోలుకోవడానికి వేసవి దాకా పట్టింది. మొదట కొంచెం సంగటి తింది. తరువాత వాకిట్లోకి వచ్చింది. ఒకరోజు నేను బడికి బయలుదేరుతుంటే, తనంతట తానే పక్కింటికి పోయి గడపలో నిలబడింది.

"ఏమేమో అన్న్యాను నిన్ను" అంది తలొంచుకుని.

పక్కింటామె మిషను ఆపి చాప పరిచింది. "కూర్చోక్కా. ఈ గుండీలు కుట్టిపెడుదువు, నాకు చేతులు నొస్తాండాయి."

సాయంత్రం నేను బడి నుంచి అక్కడికే పోయేసరికి ఇద్దరూ ఒకే చాప మీద కూర్చుని కుట్టుకుంటున్నారు. అమ్మ నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.