ఎండలో పెట్టిన రీడు

"రీడును ఎవరన్నా ఎండలో పెడతరా అమ్మమ్మా? వంకర పోయింది చూడు!"

"తడిసినదాన్ని ఎండలో పెట్టక పొయ్యిల పెడతరా? ఎంగిలి పుల్లకు గింత లొల్లి ఏందే?"

మల్కాజ్‌గిరి స్టేషనులో లోకల్ రైలు కోసం కూర్చుని నేనూ నా మనవరాలూ ఇలా కొట్లాడుకుంటున్నాం. మరునాడు సాయంత్రం అది బడిలో శాక్సోఫోన్ వాయించాలి. వాయిద్యం మూతికి బిగించి, నోట పెట్టి ఊదే ఆ రీడు పుల్ల దానికి ఒక్కటే ఉంది. రెండోది ఎందుకని నేనే కొననివ్వలేదు. ఉన్నదాన్ని కడిగి వడియాల పక్కన ఆరబెట్టింది కూడా నేనే.

పక్క బెంచీ మీద పెళ్ళి బ్యాండు ఎర్రకోటు వేసుకున్న ఒకాయన చేయి చాపి, ఆ రీడు తీసుకుని వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఇది ఖరాబైంది పెద్దమ్మా. నీడకు, అద్దం మీద ఆరబెట్టాలె. మూడు పెట్టుకొని, దినానికొకటి మార్చుకుంట ఊదాలె. కొనేటప్పుడు గిట్ల ఎత్తి చూడుర్రి. నడిమిట్ల నల్లగ, రెండు దిక్కుల నీడ సమానంగ ఉండాలె."

"మూడెందుకు? నువ్వేమన్న దుకాణపోళ్ళ మనిషివా?"

ఆయన నవ్వాడు. "ఒక్కటే కొన్నందుకే గద, ఇప్పుడు ఒక్కటి సుత లేదు."

మనవరాలి ముందు ఆ మాట అన్నందుకు నాకు ఒళ్ళు మండిపోయింది. రైలెక్కాక కూడా ఆయన వైపు చూడలేదు. ఆ కోపం ఇవాళ్టికీ పూర్తిగా పోలేదు.

మరునాడు పొద్దున సికింద్రాబాద్‌లో వాయిద్యాల దుకాణం తెరిచేదాకా మెట్ల మీద కూర్చున్నాను. దుకాణమాయన విసుక్కుంటున్నా, ఒక్కొక్క రీడునూ వెలుగుకు ఎత్తి చూసి మూడు ఏరుకొచ్చాను.