ఎడమ చేతి ముద్ద

సహోదరులారా, సహోదరీలారా! పోయినేడు ఎండకాలం నుంచి వానకాలం ఎల్లేదాక నేను మంచంల పడున్న సంగతి మీకందరికి ఎరుకే, మా ఇంటికొచ్చి ప్రార్థన చేసిపోయినోళ్లు గూడ ఈ మందిరంల కూసున్నరు, కానీ ఆ మంచంల నేను ఎంత చెడ్డ మనసుతోని పండుకున్ననో మీకు తెల్వది, ఇయాల అదే నా నోటితోని చెప్త!

ఇరవై ఏండ్ల పైన బొగ్గుబాయిల పనిచేసినోణ్ణి, నాకు కోపం ముక్కు మీదుంటది. ఒకనాడు పొద్దుగాల షిఫ్టుకు పోదామని బూట్లు తొడుక్కుంటుంటే కుడి చెయ్యి, కుడి కాలు పట్టుతప్పినయి, మూతి వంకరబోయింది, పక్షవాతమన్నరు. దేవుని దయతోని పానం దక్కింది, కాలు మెల్లమెల్లగ కదిలింది, చెయ్యి మాత్రం రాలే. మా ఇంటామె రాజమ్మ బడిల పిల్లలకు అన్నం వండే పని ఇడిసిపెట్టి నాకు తినవెట్టుడు, తానం చేపిచ్చుడు, అంగీ తొడుగుడు, అన్నీ తనే చేసింది. మరి నేనేం చేసిన? ముద్ద పెద్దగుంటే కసిరిన, చిన్నగుంటే కసిరిన!

నా ప్రార్థన ఒక్కటే ఉండె: “ప్రభువా, నా కుడి చెయ్యి నాకియ్యి, లేకుంటే నన్నే తీస్కపో!” ఎడమ చెయ్యి బాగనే ఉంది గదా, దాంతోని తినుమని డాక్టరు సార్ అంటే నాకు ఒళ్లు మండింది. మన ఇండ్లల్ల ఎడమ చెయ్యి దేనికి వాడుతమో మీకు చెప్పే పనిలేదు, దాంతోని అన్నం ముడుతమా? ఇంకొకటి గూడ ఉండె మనసుల. ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్ననంటే కుడి చెయ్యి వస్తదన్న నమ్మకం నాకు లేనట్టే గదా, దేవుడు నన్ను పరీక్ష చేస్తుండు అనుకున్న. నా మొండితనానికి విశ్వాసమని పేరు పెట్టుకున్న, సహోదరులారా!

అట్లున్న నన్ను కరీంనగర్ల ఒక దవాఖానకు తీసుకపోయిన్రు. ఆడ శిరీష అని పెద్దపల్లి బిడ్డ ఉండె. ఆక్యుపేషనల్ థెరపీ అంటరట, నాకు నోరు తిరగదు, పడ్డ మనిషికి తన పని తను చేసుకునుడు మల్ల నేర్పుతరు. అందరు నొప్పెక్కడ అని అడిగిన్రు, ఆ బిడ్డ మాత్రం “కాకా, నీ అంతట నువ్వు ఏం చేసుకోవాలని ఉంది?” అని అడిగింది. నాకు ఏడుపాగలే. “నా బువ్వ నేను తినాలె బిడ్డా” అన్న.

ఆమె ఓపికకు ఏం పేరు పెట్టాల్నో నాకు తెల్వది! అంగీ తొడిగేటప్పుడు పడ్డ చెయ్యిని ముందు తొడగాలె, ఇప్పేటప్పుడు ఆఖరికి తియ్యాలె, పళ్లెం జారకుండ కింద తడిబట్ట ఎయ్యాలె అని ఒక్కొక్కటి ఇరవైసార్లు చేపిచ్చింది. కుడి చెయ్యి కదలాలని దాని కింద తువ్వాల పెట్టి టేబులు తుడిపిచ్చింది. ఒకనాడు పళ్లెం ముందర పెట్టి ఎడమ చేత్తో తినుమంటే నేను కోపంతోని నెట్టేసిన, చారంతా ఆమె తెల్లకోటు మీద పడ్డది. ఆ బిడ్డ పోయి కడుక్కొని వచ్చి మల్ల తువ్వాల పట్టిచ్చింది.

మరునాడు అన్నం యాళ్లకు తన టిఫిన్ డబ్బా తెచ్చుకొని నా ఎదురుంగ కూసున్నది, మూత తీసి ఎడమ చేత్తోని పప్పన్నం కలుపుడు సురువు చేసింది! పక్క మంచాలోళ్లు సూస్తున్నరు, ఊడ్చే ఆయమ్మ చీపురు ఆపి సూస్తున్నది, ఆ బిడ్డ మెతుకులన్ని కోటు మీదనే పోసుకుంటున్నది. “నవ్వకు కాకా, నాకు గూడ వస్తలేదు. జర నువ్వు గూడ పట్టు, ఇద్దరం నేర్చుకుందాం” అన్నది. నేను నవ్విన! బీమారైనంక అదే మొదటిసారి. నవ్వుకుంటనే ఎడమ చెయ్యి పళ్లెంల పెట్టిన. నేను దవాఖానల ఉన్నన్ని రోజులు ఆమె నా ఎదురుంగ అట్లనే తిన్నది.

ఆమె బొట్టు పెట్టుకునే ఇంటి బిడ్డ, మన మందిరం ఎన్నడు సూడలే, కానీ నా దేవుడే ఆమెను నాకాడికి తోలిండని నేను ఎవరి ముందరైన చెప్త. ఎడమ చెయ్యి పళ్లెంల పెట్టిన ఆ రాత్రే నా ప్రార్థన మారింది: “తండ్రీ, రాని చెయ్యి కోసమే ఏడ్చిన, నువ్వు మిగిల్చిన చెయ్యిని సిగ్గుపడి దాచుకున్న, నన్ను క్షమించు.”

ఇంటికొచ్చిన మరునాడే ఆదివారం, ఈడనే ప్రభువు బల్ల, రొట్టె ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. పాస్టరు అయ్యగారు రొట్టె నా నోటికి అందిస్తుంటే నేను ఎడమ చెయ్యి సాపిన. అయ్యగారు నా మొఖం సూసి ఆ చేతులనే పెట్టిన్రు. స్తోత్రం!

ఇంటికి పోయినంక, నా బువ్వ నేనే తింట గదా అని, రాజమ్మ మొదటిసారి రెండు పళ్లాలు పెట్టుకొని నా పక్కన కూసున్నది. మొదటి ముద్ద నోట్ల పెట్టుకొని “ఎంత వేడిగుందయ్యా” అన్నది, కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పుడు సమజైంది నాకు. ఇన్ని నెలలు నాకు తినవెట్టి, మూతి కడిగి, పండవెట్టినంక ఆమె తిన్నదంతా సల్లబడ్డ బువ్వనే. కుడి చెయ్యి కోసం అంత ఏడ్చినోణ్ణి, నువ్వు తిన్నవా అని ఆమెను ఒక్కనాడు అడగలే!

ఇప్పుడు రాజమ్మ మల్ల బడి పనికి పోతున్నది. నా కుడి చెయ్యి గ్లాసు పట్టేంత వచ్చింది, మిగిలింది ప్రభువు చేతుల ఉంది. మీ ఇంట్ల నాలెక్క పడ్డోళ్లు ఉంటే పరేషాన్ గాకుండ్రి, యేసయ్యను నమ్ముకోండ్రి, ఆయన పంపినోళ్ల మాట గూడ వినుండ్రి. ఆ పెద్దపల్లి బిడ్డ కోసం అందరు ప్రార్థన చెయ్యుండ్రి. దేవునికే మహిమ! ఇయాల ఆరాధనైనంక ప్రేమ విందు ఉంది గదా, మా రాజమ్మకు నేనే వడ్డిస్త, ఆమె తినేదాక ఎవరు లేపకుండ్రి.