దారం ఉండ కింద చెయ్యి

అమ్మ శవానికి నీళ్లు పొయ్యాల్సిన వేళ వాకిట్లో అందరినీ నిలబెట్టి మా చెల్లెలు గంటసేపు లేసు అల్లుకుంటూ కూర్చుందని మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. కొందరు రెండు గంటలంటారు. నేను పక్కనే ఉన్నాను, ఎదురుగా గోడగడియారం ఉంది. పదకొండు నిమిషాలు.

మాది నరసాపురం పక్క పల్లెటూరు. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లు అరుగుల మీద చేరి లేసు అల్లేవారు. ఏజెంటు దారం తూచి ఇచ్చి, అల్లిన లేసు తూచి తీసుకునేవాడు. మిగతావాళ్లకి అది కబుర్లాడుతూ చేసే పని. మా చెల్లెలికి కబుర్లు ఉండేవి కావు.

తను అయిదో తరగతితో బడి మానేసింది. ఎవరి మొహంలోకీ చూసేది కాదు. వీధిలో బ్యాండు మేళం వస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరుగెత్తేది. బియ్యం ఏరమంటే సగం ఏరి చేట అక్కడే వదిలేసేది. లేసు సూది చేతికొస్తే మాత్రం వేరే మనిషి. ఒకసారి వసారాలోకి వాన జల్లు కొట్టి చీర మోకాళ్లదాకా తడిసినా తనకి తెలియలేదు. ఒడిలో లేసును మాత్రం గుండెల దగ్గరకి ఎత్తిపెట్టి అల్లుతూనే ఉంది. అల్లికలో ఒక్క కన్ను తప్పుపడితే మధ్యాహ్నమంతా అల్లింది విప్పేసేది.

"చిన్నమ్మాయిగారి పువ్వుల్లో తప్పు దొరికితే నా మీసం తీయించేసుకుంటానండి," అనేవాడు ఏజెంటు.

"ఆ నాలుగు వెంట్రుకలూ ఉంటే ఎంత, ఊడితే ఎంతలే," అని అమ్మ నవ్వేది. చెల్లెలు తలెత్తేది కాదు.

తనని ఆ పనిలోంచి లేపడం అమ్మకి ఒక్కదానికే తెలుసు. పేరు పెట్టి పిలిచేది కాదు, భుజం తట్టేది కాదు. పక్కన కూర్చుని, నేల మీద దొర్లుతున్న దారం ఉండ కింద అరచెయ్యి పెట్టేది. దారం లాగినప్పుడల్లా ఉండ అమ్మ చేతిలో తిరిగేది. ఆ తేడా సూది దాకా అందేది కాబోలు. చెల్లెలు చేతిలో ఉన్న పువ్వుకి ఎనిమిదో రేకు దాకా వేసి, దారం కత్తిరించి, అప్పుడు అమ్మ మొహంలోకి చూసేది.

"అయ్యిందా తల్లీ? పద, అన్నం తిందువుగాని," అనేది అమ్మ.

1997 కార్తీకమాసంలో, ఒక బుధవారం పొద్దున్న అమ్మ పోయింది. నిద్రలోనే పోయింది. నేను రాజమండ్రిలో లెక్కల టీచరుని. కబురు అంది ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. చెల్లెలు వెనక వసారాలో, తన చోట్లో కూర్చుని అల్లుతోంది. పొద్దున్నుంచీ అలాగే ఉందట. అమ్మకి కూతుళ్లం నీళ్లు పొయ్యాలి, బయట అంతా సిద్ధంగా ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చుని ఉండ కింద చెయ్యి పెట్టాను. అప్పటికి అయిదు రేకులు అయ్యాయి. ఆరోది నా కళ్లముందే పూర్తయింది.

మా మేనత్త లోపలికి వచ్చింది.

"ఏంటే ఇది! వాకిట్లో తల్లి ఉంటే ఇక్కడ పువ్వులు అల్లుకుంటుందా?"

"ఇంకో రెండు రేకులు అత్తయ్యా. అదే లేస్తుంది."

"రేకులా? బానే ఉంది. అది వెర్రిది, నీ చదువేమైందే? వాకిట్లో అందరూ ఏమనుకుంటున్నారో తెలుసా?"

నేను మళ్లీ నోరు తెరిచేలోగా, అత్తయ్య చెల్లెలి పక్కనున్న కత్తెర తీసుకుని దారం తెంచేసింది. పువ్వు పూర్తయ్యాక దారం కత్తిరించడం రోజూ ఉన్నదే. పువ్వు మధ్యలో ఎవరూ కత్తిరించరు. చెల్లెలు దారం లాగింది. కొస చేతిలోకి వచ్చేసింది. దాన్ని కాసేపు చూసి, సూది కింద పెట్టి, లేచింది. చెప్పినట్టల్లా చేసింది. నీళ్లు పోసింది, దణ్ణం పెట్టింది. ఏడవలేదని మళ్లీ ఒక మాట పడింది.

కర్మలయ్యాక తనని మా ఇంటికి తీసుకొచ్చాను. లేసు సంచీ చేతికందేలా మంచం పక్కనే పెట్టాను. రోజూ ఆ పువ్వు తీసి చూసి, లోపల పెట్టేసేది. ఒక రోజు కొత్త దారం కలిపి మిగిలిన రెండు రేకులూ నేనే అల్లాను. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి తెగిన చోటిదాకా విప్పేసి, దారం చక్కగా చుట్టి పెట్టింది. ఖాళీ వేళ్లు మాత్రం ఒడిలో కదులుతూ ఉండేవి. తిండి తగ్గిపోయింది. రెండేళ్లలో నా జాకెట్లు తనకి వదులైపోయాయి.

2004లో ఒక డాక్టరమ్మకి చూపించాను. చిన్నప్పటి నుంచీ అన్నీ అడిగింది. దాన్ని ఆటిజం అంటారని ఆవిడే చెప్పింది. తనకి అప్పటికి నలభై ఆరేళ్లు.

"ఇదివరకు ఎవరూ చెప్పలేదాండి?"

"మొండితనం అన్నారండి. తరవాత పిచ్చి అన్నారు."

"ఇష్టమైన పనిలో పడితే వీళ్లకి లోకం తెలియదండి. ఒక్కసారిగా ఆపేస్తే తట్టుకోలేరు. ఆపాలంటే ముందుగా ఏదో ఒక గుర్తు ఇవ్వాలి. ఆవిడ పని ఆవిడకి ఇవ్వండి."

"ఇస్తున్నానండి. తీసుకోవట్లేదు," అన్నాను. ఆ గుర్తు మా అమ్మకి తెలుసని చెప్పబోయి, చెల్లెల్ని తీసుకుని లేచాను.

ఆ మర్నాడు మధ్యాహ్నం తెగిన చోట కొత్త దారం కలిపి, పువ్వూ సూదీ తన ఒడిలో పెట్టాను. పక్కన కూర్చుని ఉండ కింద చెయ్యి పెట్టాను. చాలాసేపటికి సూది తీసింది. ఒక గొలుసు కుట్టు వేసింది. ఉండ నా అరచేతిలో తిరిగింది. ఇంకో గొలుసు వేసింది. మళ్లీ తిరిగింది. తను ఆగి, తలెత్తి, నా మొహంలోకి చూసింది. నలభై ఆరేళ్లలో తను నన్ను అలా చూడటం అదే మొదలు. ఎవరి కోసం చూసిందో నాకు తెలుసు.

"అయ్యిందా తల్లీ?" అన్నాను.

సూది కింద పెట్టేసింది. మళ్లీ ముట్టుకోలేదు.

తను పోయింది 2008లో. ఆ పువ్వు నా దగ్గరే ఉంది. ఆరు రేకులు, రెండు గొలుసులు. ఆ రెండూ తను విప్పలేదు.