భయస్తురాలినని రాసిన ఉత్తరం

యూనివర్సిటీలో నా గది రోడ్డు వైపు ఉంటుంది. బరువు లారీ ఏదైనా వెళ్తే కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఎదురుగా కూర్చున్న విద్యార్థులకు అది పట్టదు గానీ, ఆ చప్పుడు వినగానే నేను మాత్రం మాట మధ్యలో ఆపేస్తాను. పిల్లల్ని విదేశీ చదువులకు సిఫారసు చేసే కుర్చీలో కూర్చుని కూడా, ఆ క్షణాన నేను వసుంధర మేడం గది గుమ్మంలో నిలబడ్డ పిల్లనైపోతాను.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. మా ఇంజనీరింగ్ కాలేజీ నందిగామ దాటాక హైవే పక్కన ఉండేది. జగ్గయ్యపేట వైపు పోయే లారీలన్నీ మా క్లాసుల్లోంచే వెళ్తున్నాయా అనిపించేది. మేడం మా ఎలక్ట్రానిక్స్ శాఖకు అధిపతి. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలు చీర. ఎప్పుడూ గొంతు పెంచి ఎరగరు. లారీ వస్తే మాట ఆపేసి, అది దూరం పోయేదాకా ఎదుటివాళ్ళ కళ్ళలోకే చూస్తూ కూర్చునేవారు. ఆ చూపుకి సగం మంది వచ్చిన పని మర్చిపోయి బయటపడేవాళ్ళు. నేనైతే జగ్గయ్యపేటలో బస్సెక్కింది మొదలు ఆవిడతో ఏం చెప్పాలో పెదాల మీదే వల్లె వేసుకునేదాన్ని, తీరా ఆవిడ ముందు నోరు పెగిలేది కాదు.

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. బయటి దేశంలో చదువుకి లెక్చరర్ల సిఫారసు ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం విద్యార్థే రాసుకుని వస్తే, లెక్చరర్ కింద సంతకం పెట్టేవారు. ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకోవడమే, కాకపోతే సంతకం గురువుగారిది. అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు. నేనూ ఒక సీనియర్ దగ్గర ఉత్తరం తీసుకుని, పేరు మార్చి, టైపు చేయించి పట్టుకెళ్ళాను. కెనడాలో ఒక విశ్వవిద్యాలయం, చదువుకుంటూ జూనియర్లకు పాఠం చెప్పేవాళ్ళ ఖర్చంతా తనే భరిస్తుంది. ఆ అవకాశం వస్తేనే నా పై చదువు. బడిపంతులైన మా నాన్న ఆ సంగతి ముందే చెప్పేశారు. అన్నిటికంటే బరువు శాఖాధిపతి ఉత్తరానికే అని అందరూ అన్నారు.

మేడం ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఎవరమ్మా ఈవిడ?”

“నేనేనండి.”

“నువ్వా? పుట్టు నాయకురాలు, సభలో అనర్గళంగా మాట్లాడుద్ది అని ఉంది. మొన్న సెమినార్లో మైకు పట్టుకుని ఏడ్చిందెవరు మరి?”

ఇంతలో లారీ వచ్చింది. అది వెళ్ళేదాకా ఆవిడ నా కళ్ళలోకే చూశారు.

“నిరుడు కూడా ఇదే ఉత్తరం నాలుగైదు పేర్లతో వచ్చింది. సంతకం పెట్టా, బుద్ధి లేక. ఈ కాలేజీలో ఇంతమంది నాయకులున్నారని నాకే తెలీదు. రేపట్నుంచి సాయంత్రాలు ల్యాబ్‌కి రా. రాయాలంటే నువ్వేంటో నాకు తెలియాలిగా.”

ల్యాబులో జూనియర్లకు నా చేత ప్రయోగాలు చెప్పించేవారు. తాను తలుపు పక్కన స్టూలు మీద కూర్చునేవారు. నా చేతులు వణికి తీగలు ఊడిపోయేవి. పిల్లలు నవ్వేవాళ్ళు. ఊడిన తీగ మళ్ళీ పెట్టి, పరికరం తెర మీద గీత సరిగ్గా వచ్చేదాకా నేను ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. ఆవిడ ఒక్క మాట సాయం కూడా చేసేవారు కాదు. చివరికి ఒక రోజు గదికి పిలిచి, తాను స్వయంగా రాసిన ఉత్తరం నాకు చదివి వినిపించారు. ఆ ఇంగ్లీషుకు తెలుగు ఇది: “ఈమె భయస్తురాలు. ప్రశ్న అడగాలన్నా వణుకుతుంది. ఆ వణుకుతోనే పని పూర్తి చేసి గానీ కదలదు. మొదటి నెలల్లో ఎవరైనా పట్టించుకుంటే నిలదొక్కుకుంటుంది.”

పాఠం చెప్పడానికి మనుషులు కావాలన్న వాళ్ళకి, ఈమెకు నోరు పెగలదని రాసి పంపడమా!

“మేడం, భయస్తురాలన్న ఆ ఒక్క మాట తీసేయండి. మీకు పుణ్యం ఉంటుంది.”

“తీసేస్తే అక్కడికెళ్ళేది నువ్వెలా అవుతావ్? కాయితంలో ఉన్న మనిషి కోసం వాళ్ళు చూస్తారు. ఆవిడ దిగదు, నువ్వు దిగుతావు. అప్పుడేం చేస్తావ్?” అని కవరు అంటించేశారు. “నేనే పోస్టు చేస్తా, వెళ్ళు.”

ఇంట్లో చెబితే నాన్న ముఖం మాడిపోయింది. “పిరికిదని రాశారా? ఆవిడకి మంచి మాటే దొరకలేదా?” అన్నారు. “ఉన్న మాటేగా రాసింది” అని అమ్మ వంటింట్లోంచి అంది. ఆ వేసవంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నెట్ సెంటర్లో మెయిల్ తెరుచుకునే లోపు కళ్ళు మూసుకునేదాన్ని. మేడం మీద కోపం కూడా వచ్చేది. నా నోటి దగ్గర కూడు ఆవిడే తీసేసిందని ఏడ్చాను. వానలు మొదలయ్యాక సీటు వచ్చింది, ఖర్చు భరిస్తామన్న మాటతో సహా. తీరా వచ్చాక వెళ్ళాలంటే భయం పట్టుకుంది.

అక్కడ నా సలహాదారు ఒక ముసలి ప్రొఫెసర్. మొదటి రోజే కూర్చోమని, “నీకు భయమని మీ టీచర్ రాశారు. మొదటి నెల నువ్వు పాఠం చెప్పకు. నా క్లాసులో వెనక కూర్చుని చూడు, తర్వాత చూద్దాం” అన్నాడు. ఆయన ముందే ఏడ్చేశాను. నాతోపాటు మన వైపు నుంచే ఇంకో అమ్మాయి వచ్చింది, నేను టైపు చేయించుకున్నటువంటి ఉత్తరంతోనే. అంత ధీరురాలు కదా అని మొదటి వారమే నిండు క్లాసు అప్పజెప్పారు. ఆమె బాత్రూములో గడియ పెట్టుకుని బయటికి రాలేదు. భయమని చెప్పుకోవడానికి ఆమెకు దారే లేకపోయింది. చలికాలం ముగియకుండానే ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తలుపు బయట నిలబడి పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. లోపల ఉండవలసింది నేనేనని నాకు తెలుసు.

కొన్నేళ్ళకి నందిగామలో మేడం ఇంటికి వెళ్ళాను. రిటైరయ్యారు, జుట్టు పూర్తిగా నెరిసింది. జంతికలు పెట్టి, తినేదాకా ఊరుకోలేదు. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగాను.

“అలా రాయడానికి మీకంత ధైర్యం ఎలా వచ్చింది మేడం?”

ఆవిడ పకపకా నవ్వారు. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు.

“ధైర్యమా నా మొహమా! పొద్దున పోస్టులో వేసి ఇంటికొచ్చా. ముద్ద దిగితే ఒట్టు. పిల్ల బతుకు నా చేత్తో పాడు చేశానేమో అని ఒకటే గుబులు. నువ్వు తెచ్చిన కాయితం నా దగ్గరే ఉందిగా, దాని మీద సంతకం పెట్టేసా. మిట్టమధ్యాహ్నం ఎండలో పోస్టాఫీసుకి ఉరికా, నా కవరు వెనక్కిమ్మని, ఇది పంపుదామని. సంచి అప్పుడే బెజవాడ పోయిందన్నారమ్మా. అక్కడే అరుగు మీద కూలబడ్డా.”

నా చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిడ గుండె రాయి అనుకున్నాను. నేను జగ్గయ్యపేటలో వణుకుతున్న రోజుల్లో ఆవిడ నందిగామలో నాకంటే ఎక్కువ వణికారు. ఆ పూట టపా కాస్త ఆలస్యమై ఉంటే, ఆ బాత్రూము తలుపు వెనక ఉండేది నేనే.

ఇప్పుడు నా దగ్గరికీ పిల్లలు వస్తారు. చూసింది చూసినట్టు రాస్తాను. మొన్న ఒకమ్మాయి గురించి, నెమ్మదిగా నేర్చుకుంటుంది, తొందరపెడితే చెదిరిపోతుంది అని రాశాను. పంపే మీట నొక్కాక ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ఆ పిల్ల వచ్చి ఏం రాశారని అడిగింది. దాచకుండా చెప్పాను.

“ఇక నాకు సీటు రాదేమో మేడం, భయంగా ఉందండి” అంది.

“నాకూ భయంగానే ఉందమ్మా. కూర్చో” అన్నాను.